మెరిసే గీత

పంజాగుట్టలోని ఆ పరిశోధన ఆఫీసుకు అందరికంటే ముందు వచ్చేది ఉమైరానే. మధురానగర్ హాస్టల్ నుంచి నడిచే వస్తుంది. బుర్ఖా చేతులు మోచేతుల దాకా మడిచి, సోంపు నములుతూ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం అక్కడి ధ్రువపు మంచులోకి రాడార్ తరంగాలు పంపుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వనులు తెరమీద గీతలవుతాయి. వాటి మీద స్టీలు స్కేలు ఆనించి కొలుస్తుంది ఉమైరా. కంప్యూటరే కొలుస్తుంది కదా అని పక్కవాళ్లు నవ్వినా ఆ అలవాటు మానలేదు.

మొన్న మంచు అడుగున ఒక మెరిసే గీత కనిపించింది. మంచు కింద నీళ్లుంటే ప్రతిధ్వని అలాగే బలంగా వస్తుంది. టీమ్ హెడ్ విజయేందర్ అది నీళ్లేనన్నాడు, పరిశోధన పేపర్ కూడా రాసేశాడు. ఉమైరా ఉపగ్రహం పక్క దారుల్లో తిరిగినప్పటి గీతలు తీసి చూసింది. ఉపగ్రహం పక్కకు జరిగినకొద్దీ గీత లోతు మారుతోంది; అడుగున ఉన్న నీళ్లయితే అలా మారదు. అది మంచు అడుగు నుంచి వచ్చింది కాదు, పక్కనున్న లోయ గోడకు తగిలి వచ్చిన ప్రతిధ్వని. ఆ మాటే విజయేందర్‌కు చెప్పింది.

"జర సమజ్ చేస్కో ఉమైరా. నీళ్లంటెనే మనల్ని చూస్తరు. వచ్చే ఏడు ప్రాజెక్టు ఉండాల్నా వద్దా?" అన్నాడతను.

"ఉండాలె సార్. కానీ గా గీత నీళ్లది కాదు."

"అయితే పేపర్ల నీ పేరు తీసేస్త."

"తీసెయ్యండి. నా పేరుతోని ఇంకో పేపర్ పోతది. దాంట్ల ఆ గోడ ఉంటది."

ఆ సాయంత్రం ఒకే సైన్సు పత్రికకు రెండు పేపర్లూ వెళ్లాయి. ఆమెది రెండు పేజీలే. పైన ఒక్కటే పేరు.