తడి ఇసుక కుండలో ఒక సీసా

డెబ్బైల చివర వరంగల్‌లో మా ముందుగదిలో ప్రతి ఆదివారం ఒకే వాదన జరిగేది: ప్రభుత్వమే లేకపోతే ఉప్పు, బట్ట, మందులు ఎవరు తయారు చేస్తారు? మా అన్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. రైతులు ఒకరి పొలానికి ఒకరు బదులు పోయి నాట్లు వేసుకున్నట్టే అన్నీ చేసుకోవచ్చని అతని నమ్మకం. ఎవరికి ఎంత అవసరమో అంత అనేవాడు.

జంపఖానాలు నేసే పక్కింటి అక్క గడపలో కూర్చుని వినేది.

"సారూ, బట్ట నేను నేస్త. మరి మన సూది మందు ఎవలు జేస్తరు?"

"నేర్సుకుంటం అక్కా."

"నువ్వు నేర్సుకునేదాంక నేనుంటనా?"

ఇద్దరికీ షుగరు. ఫ్రిజ్ లేదు కనుక ఇద్దరి ఇన్సులిన్ సీసాలూ మా ఇంట్లో తడి ఇసుక పోసిన కుండలో ఉండేవి. ఇసుక తడపడం, సిరంజి మరగబెట్టి ఇద్దరికీ సూది వేయడం నా పని.

ఒక ఎండాకాలం మందు రావడం ఆగిపోయింది. ఫ్యాక్టరీలో సమ్మె అన్నారు. నర్సంపేట దాకా పోయి దుకాణాలన్నీ అడిగాను. లేదు. అక్క సీసా అప్పటికే అయిపోయింది.

"నా దాంట్ల రోజూ చెరి సగం" అన్నాడు అన్న.

అతనికి రోజూ ఆమెకన్నా మూడింతల మందు పడేది.

"నీకు ఎక్కువ గావాలె గదా అన్నా."

"ఇసొంటప్పుడు నాకెక్కువ అంటే బాగుంటదా?"

అన్ని ఆదివారాలు విన్నదాన్ని. అతని మాటే అతనికి గుర్తు చేయవలసింది. చేయలేదు. సిరంజిలోకి ఇద్దరికీ సమానంగా తీశాను.

అక్కకు కళ్లు తిరిగేవి. తియ్యటి చాయ్ తాగి పడుకునేది. ఎండ దెబ్బ అనుకున్నాం. అన్నకు దాహం తీరేది కాదు. అదీ ఎండ వల్లే అనుకున్నాం. తర్వాత జ్వరం, వాంతులు. దవాఖానకు తీసుకుపోయిన రెండో రోజు పోయాడు. ఆ వారంలోనే దుకాణాలకు మందు వచ్చింది.

దినాలయ్యాక అక్క వచ్చి గడపలో కూర్చుంది.

"నాకు గంత మందు వద్దని తెలుసు చెల్లె. వద్దంటే సారు చిన్నబోతడని ఊకున్న."

నేనూ అందుకే ఊరుకున్నానని చెప్పాను. ఆమె కొత్త సీసా కొంగు ముడిలో నుంచి తీసి ఇచ్చింది. కుండలో ఇసుక ఎండిపోయి ఉంది. నీళ్లు పోసి, సీసా అందులో పెట్టి, సిరంజి మరగబెట్టడానికి స్టవ్ వెలిగించాను.