ఎదురింటి మామ అడిగిన మాట

మా ఎదురింటి మామ పోయిన ఆదివారం పొద్దున చనిపోయారు. తర్లుపాడు, పెద్దారవీడు వైపు మీలో చాలామందికి ఆయన ముఖం తెలియదు గానీ గొంతు తెలిసే ఉంటుంది. కొత్త చీరల దుకాణం తెరిచినా, గొర్రెలకు టీకాలు వేసినా, ఆటోకు కట్టిన మైకులో వినపడేది ఆయనే.

రికార్డు చేసేది మార్కాపురంలో, మా వీధిలో, ఆయన ఇంట్లోనే. ఉప్పునీళ్లు పుక్కిలించి, తలుపు మూసి, ఫ్యాను ఆపి కూర్చునేవారు. బయట కుక్క మొరిగితే మళ్లీ మొదటినుంచి. డిగ్రీ అయిపోయి, ఇంట్లో కాలు నిలవని నన్ను ఆడగొంతుల కోసం పిలిచేవారు. గట్టిగా చదివితే, "ఏందే కోడలా, బాయిలో పడినోళ్లను పిలుస్తుండావా? చెవిలో చెప్పినట్ల చెప్పు, ఊరంతా ఇంటది" అనేవారు. మాట్లాడటం నేను నేర్చుకున్నది ఆ గదిలోనే.

ఒకసారి ఓ ఆస్పత్రి వాళ్లు మతిమరుపు జబ్బు గురించి ప్రకటన చేయించారు. అందులో ముసలాయన మామ, కూతుర్ని నేను.

"ఈ ఇల్లు ఎవురిదమ్మా?"

"నీదే నాయనా!"

ఆ తర్వాత ఆయనే నిదానంగా చెప్పేవారు: "ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. జబ్బు. నవ్వొద్దండి. డాక్టరుకు చూపించండి."

అది ఆటోల్లో, కేబుల్ టీవీలో, ఫోన్లలో తిరిగింది. వీధిలో పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది. ఆయన కనపడితే చాలు, "ఈ ఇల్లు ఎవురిది తాతా?" అని ఆటపట్టించేవాళ్లు. ఆయనా తగ్గేవారు కాదు. టీకొట్టు ముందు నిలబడి అదే మాట అని అందరినీ నవ్వించేవారు.

అందుకే నిజంగా అడిగిన రోజు ఎవరికీ తెలియలేదు. కూరగాయల సంచితో తన గడప ముందే నిలబడి, "ఈ ఇల్లు ఎవురిదమ్మా?" అన్నారు. "నీదే నాయనా!" అని వీధంతా ఒక్క గొంతుతో అరిచింది. ఆయన భార్య, మా అత్త, లోపలినుంచి, "సాల్లే నీ నాటకాలు. ఆ వంకాయలు ఇటు తెచ్చేదుందా లేదా?" అంది. అందరూ నవ్వుతున్నారని ఆయన కూడా నవ్వారు. అట్లా నెలల తరబడి నవ్వాం.

యర్రగొండపాలెం బస్టాండులో దారి తెలియక తిరుగుతూ దొరికాక గానీ డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. "ఇంత ముదిరేదాకా ఏం చేశారు? మైకుల్లో చెప్తూనే ఉన్నాం కదమ్మా" అన్నారు డాక్టరు.

"ఆ చెప్పింది ఈయనే సారూ" అంది అత్త.

ఆ ప్రకటన విని ఏ ఊళ్లోనో ఎవరో తమ పెద్దాయన్ను ముందే చూపించి ఉంటారని నమ్మాలని ఉంది. నాకు తెలిసి అట్లాంటి ఇల్లు ఒక్కటీ లేదు.

చివరికి ఆయనకు మాటే పోయింది. బయటికి వెళ్లిపోతారన్న భయంతో అత్త తన కొంగును ఆయన చొక్కా అంచుకు ముడేసుకుని ఇంటిపని చేసుకునేది. నిన్న పలకరించడానికి వెళ్తే, నాకు మంచినీళ్లు ఇవ్వబోయి లేచింది. లేచి, అడుగు వేయకుండా ఆగింది. వెనక ఎవరో మెల్లగా లేస్తున్నట్టు, కొంగు బిగుసుకోకుండా చేత్తో వదులుగా పట్టుకుని, అట్లాగే నిలబడింది.