గోడ మీద లేచిన బంతి

"సొంత చెల్లెలి కొడుకు నోటికాడ కూడు తీసే మనిషిని నిన్నే చూస్తా ఉండాను," అన్నాడు మల్లికార్జున, టీ గ్లాసు పట్టుకుని రోడ్డుకు ఇవతలి నుంచి.

రోడ్డుకు అవతల రసూల్‌బీ మిషన్ తొక్కడం ఆపలేదు.

"కూడైతే నేనే కలిపి పెడతా వాడికి. బంతి ఎత్తేది మాత్రం వాడి చేత కాదు."

"నువ్వు చూసినావా?"

"నువ్వు చూసినావా? నీ కండ్లెప్పుడూ వాడి జుట్టు మీదనే గదా ఉండేది."

టీ అంగడి శ్రీనివాసులు పాలగిన్నె మీదికి వంగి నవ్వు దాచుకున్నాడు. మల్లికార్జున ఇంకో టీ చెప్పాడు.

నేను అప్పుడే బండి ఆపాను. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పార్సిళ్ళు మోయడం నా పని. డిగ్రీ రెండో ఏడులో మానేశాక దొరికిన పని. రోజుకు రెండుసార్లు ఆ అంగట్లో టీ తాగుతాను కాబట్టి ఆ పదిరోజుల గొడవ మొత్తం నా చెవినే పడింది. మా కాలేజీ వాలీబాల్ టీముకు లిఫ్టర్ ఎవరు కావాలన్నదే ఆ గొడవ.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అవతలి నుంచి వచ్చిన బంతిని ఒకడు ఆపుతాడు. ఇంకొకడు దాన్ని నెట్ దగ్గర ఎత్తి ఇస్తాడు. మూడోవాడు కొడతాడు. ఆ మధ్యవాడే లిఫ్టర్. చప్పట్లు బంతి కొట్టినవాడికి, తిట్లు ఎత్తినవాడికి. వాడు సరిగ్గా లేకపోతే మిగతా ఐదుగురు ఎంత మొనగాళ్ళైనా గాలిలో చేతులు ఊపాల్సిందే.

ఆ ఒక్క చోటుకు ఇద్దరున్నారు. ఒకడు అన్సార్. రసూల్‌బీ చెల్లెలు నజ్నీన్ కొడుకు. ఆరడుగులు, నుదుటి మీద పడే జుట్టు, ఊళ్ళో పిల్లవాడు, ఫోన్లో వాడి ఆట వీడియోలు చూడని కుర్రాడు లేడు. ఇంకొకడు ప్రశాంత్. దుత్తలూరు పక్క పల్లె నుంచి బస్సులో వచ్చి, ఐదింటి బస్సుకు వెళ్ళిపోయేవాడు. పొట్టివాడు. అడిగినా మాట్లాడడు. ఊరంతా అన్సార్ వైపే. ఎరువుల అంగడి మల్లికార్జున, ఆటోవాళ్ళు, ఇద్దరు టీచర్లు, మోకాలికి మట్టి అంటి పదేళ్ళు దాటిన పాత ఆటగాళ్ళు అందరూ ఒక్కమాట మీద ఉన్నారు. ప్రశాంత్ వైపు ఉన్నది ఒక్క రసూల్‌బీ. అది కూడా అన్సార్‌కు పెద్దమ్మ అయి ఉండి.

ఆమె కథ కొంచెం చెప్పాలి. పదిహేడేళ్ళకు ఆత్మకూరులో లారీ డ్రైవర్ జానీ బాషాకు ఇచ్చి చేశారు. పెళ్ళైన పదిహేనేళ్ళకు ఆయన జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. కుట్టుమిషన్‌ను బస్సు మీద కట్టించుకుని ఉదయగిరి వచ్చి, చెల్లెలి ఇంటి ముందుగదిలో దించింది. ఇంకో పెళ్ళి చేసుకోమని బంధువులు వస్తే, ముందు ఆ మనిషి నా మిషన్‌కు నూనె వెయ్యగలడేమో కనుక్కోండి అని పంపించేసిందట. ఇప్పుడు ఆమెకు యాభై రెండు. ఇరవై ఏళ్ళుగా కాలేజీ జెర్సీలకు నెంబర్లు కుట్టేది ఆమే. బనీన్లు ఖాళీగా వస్తాయి. తెల్లగుడ్డలో అంకెలు కత్తిరించి వీపు మీద, గుండె మీద కుడుతుంది. మా కాలేజీలో ఒకటో నెంబరు లిఫ్టర్‌ది. ఎవరు పెట్టారో తెలియదు, ఎప్పుడూ అంతే. ఒకటో నెంబరు ఎవరికి కుట్టిందో తెలుసుకుంటే చాలు, ఊరికి టీము తెలిసిపోయినట్టే.

ఆమె ఒక్క మ్యాచ్ కూడా దగ్గరగా చూడలేదు. ఆమె మిషన్ ముందు రోడ్డు, రోడ్డుకు అవతల కాలేజీ గోడ, గోడ వెనక కోర్టు. మిషన్ దగ్గర కూర్చుంటే మనుషులు కనపడరు. గోడ మీదికి లేచిన బంతి కనపడుతుంది, ఒక్కోసారి కొట్టేవాడి అరచెయ్యి కనపడుతుంది, తర్వాత దెబ్బ వినపడుతుంది. ఇరవై ఏళ్ళు సాయంత్రం పూట ఆమె చూసిన ఆట అంతే.

ఆ ఏడు మొదట్లో ఒక సాయంత్రం నన్ను పిలిచి, లోపల ఇద్దరు మార్చి మార్చి ఎత్తుతున్నారని, ఎవరెవరో చూసి రమ్మని అడిగింది. నీకెలా తెలుసు అన్నాను. ఒకడి బంతి ఆకాశానికి పోతుందని, గిర్రున తిరుగుతుందని, గేటు దగ్గర వాళ్ళంతా ఈలలు వేస్తారని చెప్పింది. కాని దెబ్బ ఆలస్యంగా పడుతుంది, పడినా మెత్తగా పడుతుంది. అంత పైకి పోయిన బంతి దిగేలోపల అవతలివాళ్ళు ముగ్గురొచ్చి చేతులడ్డం పెట్టేస్తారు. రెండోవాడి బంతి గోడ అంచు దాటి జానెడు లేస్తుంది. తిరగదు. అక్కడ నిలబడినట్టు ఉంటుంది. మరుక్షణం దెబ్బ.

నేను గేటు దగ్గరికి పోయి చూసి వచ్చి చెప్పాను. ఆకాశానికి ఎత్తేవాడు అన్సార్. జానెడు ఎత్తేవాడు ప్రశాంత్.

ఆమె మిషన్ ఆపింది. "మావాడా?" అంది. "అయితే మావాడికి చెప్పాల," అంది.

చెప్పింది కూడా. నువ్వు కొట్టేవాడివి, ఎత్తేవాడివి కాదు అని వాడి ముఖాన్నే చెప్పింది. వాడు నవ్వేసి వెళ్ళిపోయాడు. మాట మాత్రం ఇంట్లోకి, ఇంట్లోంచి రోడ్డు మీదికి వచ్చింది. పొట్టివాడి దగ్గర ఏం తిన్నదో అన్నవాళ్ళున్నారు. చెల్లెలికి కొడుకు ఉన్నాడు, తనకు లేడు, ఆ కడుపుమంట అన్నవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది అన్నది ఒకటే. గోడకు అవతల కూర్చున్న ఆడమనిషికి వాలీబాల్ ఏం తెలుసు? నిజానికి గోడ ఉండబట్టే ఆమెకు అన్సార్ జుట్టు కనపడలేదు, ప్రశాంత్ పొట్టితనమూ కనపడలేదు. బంతి ఒక్కటే కనపడింది. ఈ మాట నేను టీ అంగట్లో అంటే, చదువు మానేసినోడివి నువ్వా చెప్పేది అన్నారు. చదువుకున్నవాళ్ళు చెప్పింది కూడా విన్నాను. అందులో జుట్టు గురించే ఎక్కువ ఉంది.

ఆత్మకూరులో టోర్నమెంట్‌కు నాలుగు రోజుల ముందు, కాలేజీలో ఆటలు నేర్పే పీడీ కోటేశ్వర్ సార్ బనీన్లతో చీటీ పంపాడు. ఒకటో నెంబరు, అన్సార్, సైజు నలభై రెండు. రసూల్‌బీ నా చేత కబురు పంపింది. ఒక్క సాయంత్రం వచ్చి నా మిషన్ దగ్గర కూర్చుని చూడండి, తర్వాత మీరు చెప్పినట్టే కుడతాను. సార్ పెద్దగా నవ్వాడు. టైలర్లు టీము వేస్తే మేం బట్టలు కుట్టాలా అన్నాడు. ఆ మాట నేను తగ్గించకుండా తెచ్చి ఇచ్చాను.

ఆ సాయంత్రమే నజ్నీన్ ముందుగదిలోకి వచ్చి నిలబడింది. నేను గడప బయటే ఉన్నాను. ఆమె 'ఆపా' అని అక్కను పిలిచి ఉర్దూలో మొదలుపెట్టి, నాకు కూడా అర్థం కావాలని కాబోలు, తెలుగులోకి వచ్చింది.

"ఇరవై ఏళ్ళు ఈ గదిలో ఉండావు ఆపా. ఒక్కనాడు అద్దె అడగలేదు. రేపు నా కొడుక్కి ఒకటో నెంబరు కుట్టకపోతే, నీ మిషన్ నువ్వు ఎత్తుకోని పో."

రసూల్‌బీ తలెత్తి చెల్లెల్ని చూసింది. తర్వాత కత్తెర తీసుకుంది. ఆ గది పోతే ఆమెకు వేరే చోటు లేదు, ఆ చోటు పోతే బంతీ కనపడదు. అది నాకు తెలుసు, నజ్నీన్‌కూ తెలుసు.

శుక్రవారం మూట కట్టి నా చేతికిచ్చింది. లోపల ఏముందో నేను అడగలేదు. శనివారం పొద్దున ఆత్మకూరు గ్రౌండులో మూట విప్పారు. నలభై రెండు సైజు బనీను మీద నాలుగో నెంబరు ఉంది. ఒకటో నెంబరు ముప్పై ఆరు సైజు మీద ఉంది. అన్సార్ దాన్ని గుండెకు ఆనించి చూసుకున్నాడు. బొడ్డు దాకా కూడా రాలేదు. అందరూ ప్రశాంత్ వైపు చూశారు. వాడు నేల వైపు చూశాడు.

కోటేశ్వర్ సార్ నన్ను తిట్టాడు. నేను మోసేవాణ్ణే, కుట్టేవాణ్ణి కాదు అన్నాను. విప్పి కుట్టే టైము లేదు. సార్ పంతానికి ప్రశాంత్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, నాలుగో నెంబరుతోనే అన్సార్ చేత లిఫ్టింగ్ మొదలుపెట్టించాడు. నెల్లూరు వాళ్ళు మొదటి సెట్ ఇరవై ఐదు, పదిహేడుతో ఎత్తుకుపోయారు. ఎత్తిన ప్రతి బంతికి మావాళ్ళు ఈల వేశారు. ఈలలకు పాయింట్లు ఇవ్వరు.

రెండో సెట్‌కు సార్ బెంచీ వైపు చెయ్యి ఊపాడు. ప్రశాంత్ లోపలికి పోయాడు. అన్సార్ పక్కకు జరిగి కొట్టే చోట నిలబడ్డాడు. ఆ తర్వాత నేను చూసింది రసూల్‌బీ చెప్పిందే. బంతి జానెడు లేచింది, నిలబడింది, దెబ్బ పడింది. అన్సార్ అంత బలంగా కొట్టడం ఊళ్ళో ఎవరూ చూడలేదు, ఎందుకంటే కొట్టే చోట వాణ్ణి ఎవరూ నిలబెట్టలేదు. ఆ సెట్ మాది.

మూడోది, పదిహేనుకే ముగిసే ఆఖరి సెట్, పోయింది. పదిహేను, పదమూడు. చివరి పాయింటుకు మావాడు వేరొకడు వేసిన సర్వీసు నెట్‌కు తగిలింది. అది లిఫ్టర్ తప్పు కాదు, బనీను తప్పు అసలే కాదు. తిరుగు బస్సులో మాత్రం అందరికీ బనీనే దొరికింది. మొదటే మనసు విరిచేసింది ఆ ముసల్ది, అని మల్లికార్జున ఉదయగిరి దాకా చెప్పుకుంటూ వచ్చాడట.

గ్రౌండు నుంచే నేను ఆమెకు ఫోన్ చేశాను. ఓడిపోయాం అన్నాను. అది ఆమె వినిపించుకోలేదు.

"ప్రశాంత్ ఎత్తినాడా?"

"ఎత్తినాడు పెద్దమ్మా."

"చాలు," అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున నజ్నీన్ తను అన్న మాట నిలబెట్టుకుంది. మిషన్‌ను అన్సార్, వాళ్ళ నాయన పట్టుకుని బయటకు తెచ్చారు. రోడ్డు మీద పెట్టబోతుంటే శ్రీనివాసులు పిలిచి, తన టీ అంగడి రేకు కింద ఒక మూల చూపించాడు. అది కాలేజీ గోడకు ఆనుకున్న మూల. రాత్రి పడుకోవడానికి దర్గా వీధిలో తెలిసినవాళ్ళింట్లో ఒక అరుగు దొరికింది. కూర్చుంటే ఇప్పుడు ఆమె వీపుకు గోడ, ఎదురుగా తన పాత గది మూసిన తలుపు. బంతి ఎంత లేచినా కనపడదు. దెబ్బ మాత్రం వినపడుతుంది.

ఎగతాళి చేసేవాళ్ళంతా ఇప్పుడు ఆమె పక్కనే టీ తాగుతున్నారు. వాళ్ళు మొదలుపెట్టకముందే ఆమే మొదలుపెడుతుంది. గ్లాసు పట్టుకునేది రాదు, లిఫ్టర్‌ను ఏరతాడంట, అని మల్లికార్జున చొక్కా మీద పడిన టీ చూపించింది మొన్న. సారీ చెప్పి చెల్లెలి ఇంట్లోకి పొమ్మని శ్రీనివాసులు నిదానంగా అంటే, తప్పు కుట్టుంటే విప్పుతానని, తాను తప్పు కుట్టలేదని చెప్పింది.

బుధవారం అన్సార్ వచ్చి నాలుగో నెంబరు బనీను మిషన్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. కుడిభుజం వెనక కుట్టు రెండంగుళాలు తెగిపోయి ఉంది. ఆమె అందులో వేలు దూర్చి నాకు చూపించింది. లిఫ్టర్లకు చంకలో పోతుందట. ఇక్కడ పోయేది కొట్టేవాళ్ళకు. ఇరవై ఏళ్ళలో ఎన్ని అతికిందో చెప్పింది. డబుల్ కుట్టు వేసి, మడిచి, సంచిలో పెట్టింది.

అప్పుడు లోపల ప్రాక్టీసు నడుస్తోంది. ఎవరు ఎత్తుతున్నారో ఆమెకు కనపడదు. దెబ్బ విని తల ఆడించింది. గోడను ఒకసారి, మల్లికార్జునను ఒకసారి చూసి, అతనికి కూడా వినపడేటట్టు నాతో అంది.

"అబ్బయా, వచ్చే ఆదివారం సంగం ఊర్లో మనోళ్ళ మ్యాచి ఉండాదంట. నీ బండి మీద నన్ను తీసకపో. కుర్చీ నెట్‌కు నేరుగా ముందర వెయ్యి, వీళ్ళందరి ముందర. యాడనో ఎనకాల ఆడోళ్ళ పక్కన వేసినావంటే, నేను బండి దిగను."