పోలిక కోసం తీసుకున్న నెత్తురు

ఈ వ్యవహారంలో నా అంత తెలివితక్కువవాడు లేడు. కాకపోతే నా తెలివితక్కువతనానికి ఒక కారణం ఉంది, నేను పసుపు రైతును. మా దగ్గర మంచి రకం విత్తనం ఎవరి చేలో ఉంటే వాళ్ళు అడిగినవాళ్ళకు ఇస్తారు. తీసుకున్నవాడు పంట తవ్వగానే అంత విత్తనమూ, పైన ఇంకొంచెమూ తెచ్చి మన వాకిట్లో పోసి పోతాడు. ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. హైదరాబాదు ల్యాబువాళ్ళు నెత్తురు అడిగినప్పుడు నేను అదే పద్ధతిలో ఇచ్చాను. ఇచ్చి, పంట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

అంతకుముందు మా అన్న, పసుపు ఉడకబెట్టేచోట నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. మా ఇంటివాళ్ళవి గట్టి గుండెలని ఊళ్ళో పొగిడేవాళ్ళు. నిజామాబాదు డాక్టరు నాకు స్కానింగ్ తీసి అదే మాట పొగడకుండా చెప్పాడు. గుండె కండరం మందమై గట్టిపడే జబ్బట, కన్నవాళ్ళ నుంచి పిల్లలకు రావచ్చట. నాకు వచ్చింది. నా బిడ్డకు స్కానింగ్‌లో అప్పటికి ఏమీ కనిపించలేదు. ముందు ముందు బయటపడవచ్చు, పడకపోవచ్చు. తేలేదాకా పరుగు మాన్పించమన్నాడు.

పరుగే ఆ పిల్ల ఆశంతా. కానిస్టేబుల్ కొలువు కోసం పెర్కిట్ దగ్గర రోడ్డు పక్కన రోజూ పరుగెత్తేది.

"ఉరుకుడు బంద్ జెయ్యుమంటే ఊపిరి బంద్ జెయ్యుమన్నట్టే బాపూ," అంది. బూట్లు నేనే దాచేశాను.

ఆ డాక్టరు ద్వారానే ల్యాబు సారు ఐసు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా నెత్తుటి కణాలను మూలకణాలుగా మారుస్తారట, వాటి నుంచి గాజు గిన్నెలో గుండె కణాలు పెంచుతారట, జబ్బు ఎక్కడ మొదలవుతుందో చూస్తారట. నాకు అర్థమైంది విత్తనం ముక్క ఒక్కటే.

"మా బిడ్డకు జబ్బున్నదో లేదో గిండ్ల తెలుస్తదా సారూ?"

"తెలుస్తుందండీ," అన్నాడు.

ఎవరికి తెలుస్తుందని నేను అడగలేదు. నేనూ బిడ్డా చేతులు చాపాం.

కొన్నాళ్ళకు సారు ఫోనుకు ఒక వీడియో పంపాడు. గిన్నెలో నా కణాలు లయగా కొట్టుకుంటున్నాయి.

"నీ గుండె హైదరాబాద్‌ల మంచిగనే కొట్టుకుంటుంది బాపూ. నాదే గీడ కొట్టుకులాడుతుంది," అంది బిడ్డ.

ఎప్పుడు ఫోన్ చేసినా "పని నడుస్తోందండీ" అనేవాడు సారు. వాళ్ళ పని నడిచింది, మా పిల్ల పరుగు ఆగింది. బయట ఎక్కడైనా పరీక్ష చేయిద్దామని నా భార్య పోరింది. అంత పెద్ద ల్యాబువాళ్ళు చూస్తుంటే మళ్ళీ ఎందుకని నేనే ఆపాను. ఇంతలో కానిస్టేబుల్ కొలువుల ప్రకటన పడింది. వయసును బట్టి బిడ్డకు అదే ఆఖరి అవకాశం. దరఖాస్తు పెట్టనివ్వలేదు.

మొన్న పసుపు సీజన్‌లో సారే ఫోన్ చేశాడు. కణాలకు ఇన్ఫెక్షన్ వచ్చి పాడయ్యాయట, మళ్ళీ ఇద్దరి నెత్తురూ కావాలట.

"నాదంటే సరే. బిడ్డది ఎందుకు సారూ?"

"పోల్చి చూడాలి కదండీ. ఒకే ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ దొరకడం మా అదృష్టం."

"లేనోళ్ళా?"

"ఆమెకు ఆ జన్యువు రాలేదండీ. మొదట్లోనే తెలిసింది."

"మరి ఒక్క మాట చెప్పకపోతిరి?"

"ఇది రీసెర్చ్ కదండీ, ఎవరికీ రిపోర్టులివ్వం. మొదటి రోజే చెప్పాం."

చెప్పే ఉంటారు. నేను తల ఊపే ఉంటాను. బిడ్డకు అన్నీ నా పోలికలేనని అందరూ అంటారు. ఈ ఒక్కటి రాలేదు, అందుకే వాళ్ళ పోలికకు పనికొచ్చింది.

ఇంట్లో పసుపు కొమ్ములు ఏరుతున్న బిడ్డకు ఆ సంగతి చెప్పాను. చేతులు ఆగాయి.

"లేదని సంబురపడాల్నా, వయసు దాటినంక తెలిసిందని ఏడ్వాల్నా? గదన్న చెప్పు బాపూ."

తన నెత్తురు చుక్క కూడా ఇవ్వనంది. మా అన్న పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు, వాళ్ళ కోసమైనా ఏదో ఒక మందు రావాలి కదా. అందుకని నాది ఇస్తానని సారును ఆర్మూర్ మార్కెట్ యార్డుకు రమ్మన్నాను.

మిట్టమధ్యాహ్నం దిగాడు. ఫోన్ చేస్తే బస్తాలు తూచే కాంటా దగ్గర ఉన్నానన్నాను. ఆయన అక్కడికి చేరేలోపు గేటు దగ్గరికి నడిచాను. గేటు దగ్గరికి వస్తుంటే వెనక షెడ్డులో ఉన్నానని చెప్పాను. నాకు పరుగు నిషేధం కాబట్టి నింపాదిగానే నడిచాను. ఐసు కరిగిపోతుందని పసుపు కుప్పల మధ్య, బస్తాల మీదుగా, ఎండలో పెట్టె పట్టుకుని ఉరికింది ఆయనే. మళ్ళీ కాంటా, మళ్ళీ గేటు. చివరికి నేనే జాలిపడి ఒక కుప్ప పక్కన కూర్చుని చెయ్యి ఊపాను. చొక్కా తడిసి ముద్దయింది, బూట్లు పచ్చబడ్డాయి.

"ఎంత పరుగెత్తించారండీ!" అన్నాడు రొప్పుతూ.

చొక్కా చెయ్యి పైకి మడుస్తూ అన్నాను:

"గింత ఉరికినా మీకేం గాలె. మీ గుండె మంచిగున్నది సారూ. తెలిసింది గదా, గందుకే ఇప్పుడే చెప్తున్న."