హనుమమ్మ ఇంటి మోరీ

మహబూబ్‌నగర్‌లో హనుమమ్మ ఇంట్లో కిరాయికి దిగాలంటే ముందు మోరీ పాఠం వినాలి. మక్తల్ నుంచి వచ్చి, ఇరవై ఏళ్లు జాకెట్లు కుట్టి కట్టుకున్న ఇల్లు అది. గృహప్రవేశం నాడే మోరీ జామై, మురుగునీళ్లు వంటింట్లోకి ఎదురెక్కాయి. చుట్టాలు విస్తళ్లు చేతబట్టుకుని నిలబడి తిన్నారు. ఆ అవమానం ఆమె మరవలేదు.

అందుకే ప్రతి మోరీకీ స్టీలు జాలీ బిగించింది. నూనె గిన్నెను కాగితంతో తుడిచాకే కడగాలి. చాయ్‌పత్తి చెత్తబుట్టలోకే పోవాలి. ఆదివారం బకెట్టెడు వేడినీళ్లు పోయాలి. పొద్దున్నే జాలీ ఎత్తి, చిక్కిన వెంట్రుకను వెలుతురుకు పట్టి, "నిరోషా, గిది నీదే. గోరింటాకు రంగున్నది" అని తేల్చేసేది. ఆ ఇంట్లో కిరాయికుంటూ దవాఖానలో నర్సుగా చేసే నిరోష దాన్ని తీసి పారేసేది.

ఒక శ్రావణంలో అందరూ వాడే స్నానాలగది మోరీ జామైంది. మూడు రోజులు హనుమమ్మ తలమీంచి కొంగు తీయకుండా అందరినీ తిట్టిపోసింది. చివరికి నిరోషే ప్లంబర్ భిక్షాన్ని పిలుచుకొచ్చింది.

భిక్షం కొక్కెం ఉన్న తీగను లోపలికి తోసి లాగాడు. మూరెడు నల్లటి జడ బయటికొచ్చింది.

"అమ్మో, గిదేంది!" అని వెనక్కి గెంతాడు.

"సవరం," అంది నిరోష, తన జడ ముందుకు వేసుకుని. "నాది నాకే ఉన్నది."

పక్కగది పోచయ్య బట్టతల నిమురుకుంటూ, "నన్నైతే అడగకుండ్రి," అన్నాడు.

ముగ్గురూ హనుమమ్మ కొంగు వైపు చూశారు.

ఆమె ముఖం కందిపోయింది. "ఏం జూస్తున్రు? నాదే! కడుగుతుంటే నీళ్లు జల్ది పోతలేవని జాలీ తీసిన, జారిపోయింది. మీరు మాత్రం తియ్యకుండ్రి!"

ముందు భిక్షం నవ్వాడు. ఆపుకోలేక హనుమమ్మా నవ్వేసింది.

నిరోష సవరాన్ని రెండుసార్లు షాంపూతో కడిగి దండెం మీద ఆరేసింది.

"వాడకట్టంత జూస్తది, లోపటికి తేవే!"

"వాసన పోలే పెద్దమ్మా, జర ఆరనియ్యి."

మరుసటి వారం పానగల్‌లో పెళ్లికి ఆ సవరంతోనే వెళ్లింది హనుమమ్మ. గీ వయసుల ఇంత ఒత్తు జుట్టా, ఏం రాస్తవని ఆడవాళ్లు చుట్టుముట్టారట.

"ఏం రాయ. మంచిగ కడుగుత, గంతే," అని చెప్పి వచ్చింది.