చల్లగదిలో చెడగొట్టిన నిద్ర

ఒక ఆడపిల్ల చదువు బరువు నా గుండెల మీద ఉంది. ఏళ్లు గడిచినా తగ్గలేదు. ఇంట్లో చెప్పలేదు, గుళ్లోనూ చెప్పలేదు. మీకు చెబుతాను.

ఎనభైలలో తిరువళ్లూరులో ఒక కాలేజీ పరిశోధనశాలకు నేనే పెద్ద తల. నవ్వకండి, తిరుత్తణిలో మా వీధంతా అలాగే నమ్మింది. నిజానికి నేను అటెండరుని. జంతువులకు మేత వేసేవాణ్ణి.

అక్కడి చల్లగదిలో ముళ్ళెలుకలుండేవి. చలికి ముళ్ళబంతుల్లా ముడుచుకుని, ఊపిరి ఉందో లేదో తెలియనంత నిద్రలోకి పోయేవి. ఆ నిద్రలో ఉండగానే వాటి మెదడు ముక్కలు తీసి, నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ కలిపిన ద్రవంలో ఉంచేవారు. అప్పుడు సెరటోనిన్ అనే రసాయనం ఎంత విడుదలవుతుంది, మెలకువగా ఉన్నవాటిలో ఎంత? అదీ మా ప్రొఫెసర్ మేడం దగ్గర చదివే సుగుణ పరిశోధన. ఆర్.కె.పేట రైతుబిడ్డ, నన్ను మామా అని పిలిచేది. తనకు కావలసిందల్లా ఒక్కటే, మెదడు తీసేవరకూ వాటి నిద్ర చెడకూడదు.

ఆడికృత్తిక పండగకు తిరుత్తణి మురుగన్ గుడికి పోతూ మా అత్తగారివాళ్లు కాలేజీకి వచ్చారు. "ఏం బావా, చచ్చిన ఎలకలకు కావిలి కాస్తాండావా?" అన్నాడు బావమరిది. రోషం వచ్చింది. ఒకదాన్ని బయటికి తెచ్చి, ఎండలో ఒళ్లో పెట్టుకుని, విభూతి పూసి, మురుగా అన్నాను. చాలాసేపటికి అది వణికింది. ముక్కు బయటపెట్టింది. మా అత్త నాకే దండం పెట్టింది! ఆ తర్వాత ఊరినుంచి ఎవరొచ్చినా అదే మహిమ. మళ్ళీ గదిలో పెడితే నిద్రపోతాయి కదా, ఏం నష్టం అనుకున్నాను.

ఒకనాడు సుగుణ చూసేసింది.

"అయ్యో మామా, ఎంత పని చేస్తివి! ఇదొక్కటేనా?"

"ఇదొక్కటేమ్మా. మేడంకి తెలిస్తే నా వేలై పోతుంది, జీతం పోతుంది."

"సరే, దీన్ని పక్కన పెట్టేస్తా. యాడా చెప్పన్లే. ఇంక ముట్టొద్దు."

నమ్మింది. మిగతావి నిద్ర చెడనివేననుకుని వాటితో పని సాగించింది. ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. అంకెలు కల్పించి రాసిందన్నారు మేడం. నన్ను పిలిచి, ఎవరైనా జంతువులను ముట్టారా అని అడిగారు. నాకు తెలియదన్నాను. అక్కడితో ఆగానా? ఆ గదిలోకి ఎక్కువగా పోయేది ఆ అమ్మాయేనని కూడా అన్నాను.

అక్కడే నిలబడ్డ సుగుణ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను నోరు తెరుస్తానని ఎదురుచూసింది, తెరవనని అర్థమయ్యాక తల దించుకుంది. నాకిచ్చిన మాట అప్పుడు కూడా తప్పలేదు. పరిశోధన వదిలి ఊరికి పోయింది. పోయే ముందు మెట్ల దగ్గర ఆగి, "నేను చెప్పలేదు చూడు మామా," అంది.

ఉద్యోగం పోతుందన్న భయంతో అలా చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా నన్ను నేను మంచిగా చూపుకునే గొప్పే. మేడం నన్ను తిట్టి వదిలేసేవారు, నాకు తెలుసు. మరి దేనికి భయపడ్డాను? ప్రాణం పోసేవాడన్న పేరు తిరుత్తణిలో పోతుందని. అంతే. నన్ను నమ్మిన పిల్లను ఆ పేరుకు బలిపెట్టాను.

క్షమించమని ఎవరిని అడగను? లేపింది నేను. ఒకటి కాదు, చాలా. సుగుణ కొలిచిన ప్రతి అంకె నిజమే.

అనేశాను. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.