ముఖలింగానికి జట్కా దారి

బొబ్బిలి నుంచి శ్రీముఖలింగానికి గుర్రపు బండి మీద వెళ్దామని మా ముగ్గురిలో ముందు ఎవరన్నారో నాకు గుర్తు లేదు. కామేశం తానే అంటాడు. వాడికి మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు. అప్పలసూరికి ఒక జట్కా, రాణి అనే ఆడగుర్రం ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుల మీదే ఆ ఇద్దరి తిండీ. నేను ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. ముగ్గురం ఒకే బడిలో చదువుకున్నాం. పుష్యమాసంలో ముహూర్తాలుండవు, ఎండా తక్కువ. అప్పుడు బయలుదేరాలని అనుకున్నాం.

రాజాం, పాలకొండ, కొత్తూరు, ముఖలింగం. రోజుకొక మజిలీ చొప్పున నాలుగు రోజులు. దారి నేనే గీశాను. సూరి మాత్రం, "ముందు ఓపాలి దారి సూసొద్దాం బావా" అన్నాడు. అందుకే కార్తీకంలో ఒక బుధవారం ముగ్గురం బస్సెక్కాం.

బొబ్బిలిలో బస్సు ఐదూ నలభైకి కదిలింది. సూరి కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటాక రోడ్డంచునే చూస్తూ వచ్చాడు. కామేశం మాత్రం పక్క సీటులో ఎండుచేపల గంపతో కూర్చున్న ఆవిడకి మా సంగతంతా చెప్పేశాడు. ఆవిడ కళింగపట్నం వైపు మనిషి, ఎండుచేపలు అమ్ముకోవడానికొచ్చి, చుట్టాలింట్లో రాత్రి ఉండి రాజాం వెళ్తోంది.

"బస్సులుండగా గుర్రం బండేటి బాబూ? మీకు ఇంట్లో పని నేదా?" అందావిడ.

"పనుంది గనకే ఎలిపోతన్నాం," అన్నాడు కామేశం. బస్సులో నలుగురు నవ్వారు.

రాజాంలో ఆరూ నలభైకి దిగి ఇడ్లీ తిన్నాం. బస్టాండు వెనక ఒక కలప అడితి ఉంది. బండి నిలుపుకోవడానికి, గుర్రాన్ని కట్టుకోవడానికి దాని యజమాని ఒప్పుకున్నాడు. నీళ్ల కుళాయి కూడా చూపించాడు. మొదటి మజిలీ కుదిరిందని నాకు హుషారొచ్చింది. ఎనిమిదిన్నరకి పాలకొండ. అక్కడ గడ్డి దొరికే చోటు కామేశం కనుక్కున్నాడు. తొమ్మిదింటికి సీతంపేట బస్సు.

సీతంపేట కొండదారి నాకు కొట్టిన పిండి. ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఎక్కడ గేరు మార్చాలో కళ్లు మూసుకుని చెప్పగలను. మలుపు మలుపుకీ అదే చెబుతున్నాను. ఉన్నట్టుండి సూరి లేచి, "ఇక్కడ ఆపించు బావా" అన్నాడు. డ్రైవరు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు, ఆపి మమ్మల్ని దింపి వెళ్లాడు.

దిగువకి వెళ్లే వాలు అది. సూరి చెప్పులు చేతిలో పట్టుకుని, రోడ్డు మీద వట్టికాళ్లతో నడిచాడు. తారు నున్నగా ఉంది. మలుపు దాకా వెళ్లి, తిరిగి వచ్చి, రోడ్డు పక్క రాతి మీద కూలబడ్డాడు.

"బండి ఎక్కుతాది. దిగనేదు," అన్నాడు.

"ఎందుకు దిగదు? లోడు లారీలే దిగుతున్నాయి," అన్నాను.

"నీ బస్సుకి కాలు కింద బ్రేకుంటాది. జట్కాకి బ్రేకంటే రాణి ఎనక కాళ్లే. మనం ముగ్గురం, సామాను, బండి, అన్నీ కలిసి దాన్ని ఎనకనించి తోస్తాయి."

కాస్త అవతల ఒకావిడ అనాసపళ్లు అమ్ముతోంది. మా మాటలు విని, "మా తాతలనాడు బండికి ఎనకాల దుంగ కట్టి దింపీవోరు" అంది. దుంగ నేల మీద ఈడ్చుకుంటూ వస్తే బండి పరుగెత్తదట. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, దారుంది. దుంగ కడదాం," అన్నాను.

సూరి తల అడ్డంగా ఊపాడు. కామేశం బిక్కమొహం వేశాడు. ఊరందరికీ చెప్పుకున్నాడు మరి. నాకు కోపమొచ్చింది. అనకూడని మాట అన్నాను.

"భయం గుర్రానికి కాదురా, నీకు."

సూరి చెప్పులు కింద పెట్టి, తొడుక్కుని, అప్పుడు చెప్పాడు.

"అవును, నాకే. మా అయ్య దగ్గర ఎర్ర గుర్రం ఉండీది. నాకు పందొమ్మిదేళ్లు. సాలూరు అవతల ఘాట్లో నానే తోలేను. అయ్య వద్దన్నా ఇన్లేదు. వాలులో బండి తోసేసింది. ముందుకాళ్లు మడిసి పడిపోనాది. మల్లీ లేవనేదు. అయ్య నన్నొక్క మాటా అన్లేదు బావా."

యాభై ఏళ్ల స్నేహంలో ఈ సంగతి నాకు తెలియదు. వాడి పక్కన రాతి మీద కూర్చున్నాను. "తప్పయిపోయింది సూరీ," అన్నాను. వాడు నా మోకాలి మీద చెయ్యి వేసి, "పోన్లే, ఒగ్గీ బావా" అన్నాడు. కామేశం ఒక అనాస కొని, ఆవిడ చేతే కోయించి, ముగ్గురికీ పంచాడు.

తర్వాతి బస్సులో కొత్తూరు, అక్కణ్ణించి హిరమండలం. ఆటోలో ముఖలింగం చేరేసరికి పన్నెండూ పది. గుడి మూసే వేళయింది, పరుగెత్తి దర్శనం చేసుకున్నాం. గుడి రాతిగోడ నీడలో కాసేపు కూర్చున్నాం. భోజనం ఒక పూటకూళ్లింట్లో, పప్పూ వంకాయ కూరా. ఆ తర్వాత వంశధార ఒడ్డుకి నడిచాం. జట్కా ప్రయాణాన్ని నేను మనసులో ఆపేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కొండదారి వద్దనుకుని, ఆమదాలవలస మీదుగా పాలకొండ బస్సెక్కాం. రెండున్నర అయింది. చుట్టు తిరుగుడే గానీ అంతా చదును. నాగావళి పక్కన పొలాలు, కోతకొచ్చిన వరి. కామేశం నిద్రపోయాడు. బూర్జ దగ్గరపడుతుండగా సూరి నన్ను కదిపాడు.

"ఈ ఊళ్లో నీళ్లెక్కడ దొరుకుతాయి బావా?"

నాకు తెలియలేదు. ఈ దారిలోనూ ఎన్నో ఏళ్లు బస్సు నడిపాను. స్టాపులు తెలుసు, స్పీడ్ బ్రేకర్లు తెలుసు. నీళ్లెక్కడో తెలియదు.

"మధ్యాన్నం నీడ?"

అదీ తెలియదు.

బూర్జలో కామేశాన్ని లేపి దిగిపోయాం. ఒక రైతు తన బోరు, పశువుల తొట్టి చూపించాడు. "గుర్రమా? తీసుకురండి, మా వోళ్లు సూస్తారు," అన్నాడు. అక్కణ్ణించి తర్వాతి ఊరిదాకా నడిచాం. తారు అంచున మట్టి మెత్తగా ఉంది. సూరి దాని మీదే నడిచాడు. లారీ వచ్చినప్పుడల్లా ఆగి, బండికి పక్కకి తప్పుకునే చోటుందో లేదో చూశాడు. కామేశం నేను గీసిన దారి కాగితం మీద పాత మజిలీలు కొట్టేసి, దాని వెనక కొత్తవి రాశాడు.

నాలుగున్నరకి వెనకొచ్చిన బస్సు చెయ్యెత్తితే ఆగింది. మా తర్వాత బండి మీద వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. బండి వెళ్లే దారిని బస్సులో కూర్చుని ఎంచుకోవద్దు. కొంత దూరమైనా నడిచి చూడండి, గుర్రం తోలే మనిషిని ముందు నడవనివ్వండి.

రాజాం దాటాక చలిగాలి మొదలైంది. సూరి కిటికీ దించి, వేళ్లు మడిచి లెక్కేసుకుని నా వైపు తిరిగాడు.

"ఆరు రోజులు పడతాది. తోల్తాను. వంతెనల వాలుకాడ మీరిద్దరూ దిగి నడవాల."

"నడుస్తాం," అన్నాను.